ఆడ, మగ, ప్రత్యేకం, అందరికీ: మీ ప్రాంగణానికి ఏ టాయిలెట్ ఏర్పాటు సరిపోతుంది?

కాలేజీకి కొత్త బ్లాక్ కడుతున్నా, ఆఫీసుకు ఒక అంతస్తు అద్దెకు తీసుకుంటున్నా, బస్టాండులో పాత మరుగుదొడ్లు పడగొట్టి కొత్తవి లేపుతున్నా ఇప్పుడు ఒక ప్రశ్న తప్పడం లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఎటు వెళ్లాలి? దీనిపై మీటింగు పెడితే గంటలో నాలుగు పక్షాలు తేలతాయి. వేరుగా ఒకటి కట్టేద్దామంటారు కొందరు. ఉన్నవాటికే ‘అందరికీ’ అని బోర్డు మారుద్దామంటారు ఇంకొందరు. ఆడపిల్లల భద్రత ఏమవుతుందని ఒకరు అడుగుతారు, వికలాంగుల టాయిలెట్ ఉందిగా అది చాలదా అని మరొకరు. నాలుగు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ మాట ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది తేల్చుకోవడానికే ఈ పోలిక.

చట్టం ఏం చెబుతోంది

చట్టం చెప్పినట్టు కట్టేస్తే సరిపోతుందనుకుంటే, అక్కడా ఒకే మాట దొరకదు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ‘వేరుగా’ పబ్లిక్ టాయిలెట్లు కల్పించాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. 2017లో వచ్చిన స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు మాత్రం ఆడ, మగ టాయిలెట్లలో తమకు ‘నచ్చినదాన్ని’ వాడుకోనివ్వాలన్నాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద 2020లో చేసిన నిబంధనలు సంస్థలు కల్పించాల్సిన వసతుల్లో ‘యునిసెక్స్’ టాయిలెట్లను పేర్కొన్నాయి. పని ప్రదేశాల భద్రతకు సంబంధించిన 2020 నాటి కార్మిక కోడ్ మళ్లీ మొదటి మాటకే వెళ్లింది. స్త్రీ, పురుష, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు ‘విడివిడిగా’ ఏర్పాట్లుండాలన్నది ఆ కోడ్. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టు ప్రాంగణాలన్నిటిలో పురుషులకు, స్త్రీలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేర్వేరు టాయిలెట్లు ఉండాలంది. మరుగుదొడ్డి వసతి రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కూడా చెప్పింది.

మాటలు వేరైనా ఒక్క విషయంలో ఇవన్నీ కలుస్తాయి: ‘మా దగ్గర ఏమీ లేదు, వెళ్లిపోండి’ అనే హక్కు ఎవరికీ లేదు. అందరూ వాడుకునే చోటికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని రానివ్వకుండా అడ్డుకుంటే 2019 చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, జరిమానా. గేటు దగ్గరి సెక్యూరిటీకి ఈ సంగతి తెలియకపోవడమే చాలా గొడవలకు మొదలు.

దేనితో తూకం వేయాలి

బోర్డు మీద ఏం రాయాలనే చర్చను చివరకు నెట్టండి. మొదట చూడాల్సింది తలుపులు, గోడలు.

అన్నిటికంటే పెద్ద కొలమానం చాటు. లోపలికి వెళ్లి తలుపేసుకుంటే పైనుంచి, కిందనుంచి, సందులోంచి ఎవరికీ కనిపించకూడదు. మన దగ్గర ఎక్కువ చోట్ల కనిపించే పార్టిషన్ 12 మి.మీ. బోర్డు. నేలకు 150 మి.మీ. పైన మొదలై మనిషి ఎత్తున, రెండు మీటర్ల దగ్గర ఆగిపోతుంది. పక్క క్యూబికిల్‌లో కమోడ్ మీదికెక్కితే ఇటువైపు మొత్తం కనిపిస్తుంది. కింది సందులోంచి ఫోన్ పెట్టవచ్చు. అమ్మాయిలు భయపడేది ముఖ్యంగా దీనికే, ఆ భయం నిజమైనది. ట్రాన్స్ పురుషులకు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై పురుషులుగా బతుకుతున్నవారికి, భయం ఇదే సందు దగ్గర మొదలవుతుంది.

రెండోది గుట్టు. ఆ తలుపు తోసినంత మాత్రాన ఫలానా మనిషి ట్రాన్స్ అని చూసినవారికి తెలిసిపోతుందా? తెలిసిపోయే ఏర్పాటైతే సగంమంది దాన్ని వాడరు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఓర్చుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం ఈ అలవాటుతో పెరుగుతుంది. ఆడవాళ్లకు సరైన టాయిలెట్ లేని ప్రతి చోటా జరిగేదీ ఇదే. ఈ రెండు కష్టాలూ ఎదురెదురు నిలబడవలసినవి కావు.

మూడోది ఆడవాళ్ల వాటా. కొత్త ఏర్పాటు కోసం ఆడవాళ్లకున్న సీట్లలోంచి కోత పెడితే వాళ్లు ఎదురు తిరుగుతారు, ఆ కోపం న్యాయమే. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆఫీసుల్లో 25 మంది పురుషులకు ఒక సీటు, 15 మంది స్త్రీలకు ఒక సీటు అనే లెక్క పెట్టింది. ముందు ఆ లెక్క నిండాలి. కొత్త గదులు దానికి అదనంగా రావాలి.

ఆ తర్వాత నిర్వహణ, చోటు, డ్రైనేజీ. కట్టిన ఆరు నెలలకు తాళం పడిందంటే ఎంత గొప్ప డిజైనైనా లేనట్టే.

నాలుగు దారులు ఒక చూపులో

| ఏర్పాటు | చాటు | గుట్టు | ఆడవాళ్ల సౌకర్యం | చోటు, ఖర్చు | ఎక్కువగా చెడేది |
|---|---|---|---|---|---|
| ఉన్నవాటిలో ఎవరికి తగిన వైపు వారు | పాత పార్టిషన్ ఎంత ఉంటే అంతే | ఫర్వాలేదు | అక్కడి మనుషులను బట్టి | దాదాపు ఏమీ లేదు | వాకిట్లో అడ్డుకోవడం |
| ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రత్యేకం | బాగుంటుంది | అస్సలు నిలవదు | మార్పు లేదు | ఒక మోస్తరు | తాళం, స్టోర్ రూమ్‌గా మారడం |
| విడి గదులు, ఎవరైనా వాడేవి | అన్నిటికంటే మేలు | నిలుస్తుంది | మేలు | సీటుకు చోటు ఎక్కువ | ఒక్కటే కట్టడం, క్యూ |
| ఉమ్మడి బ్లాక్, అందరికీ | గోడలు పూర్తిగా కడితేనే | నిలుస్తుంది | మనవాళ్లలో చాలామందికి ఇబ్బంది | కొత్తగా కడితే చవక, పాతదాన్ని మారిస్తే భారం | బోర్డు మార్చి ఊరుకోవడం |

మొదటి దారి: ఉన్నవాటిలోనే, ఎవరికి తగిన వైపు వారు

ఇటుక పేర్చక్కర్లేదు, రేపటినుంచే అమలు చేయవచ్చు. ట్రాన్స్ మహిళలు ఆడవాళ్ల వైపు, ట్రాన్స్ పురుషులు మగవాళ్ల వైపు వెళతారు. చాలామంది ఇప్పటికే అలాగే వెళుతున్నారు, పక్కవారికి తెలియను కూడా తెలియదు.

ఇది చెడేది వాకిట్లో. పే అండ్ యూజ్ దగ్గర చిల్లర తీసుకునే మనిషి ‘ఇటు కాదు, అటు పో’ అంటే అక్కడితో సరి, మీరు కాగితం మీద రాసుకున్న విధానానికి విలువ లేదు. ట్రాన్స్ మహిళను మగవాళ్ల వైపు పంపడమంటే వరుసగా యూరినల్స్, మధ్యలో తాగినవాళ్లు, మాటలు, చేతులు వేయడం. అదంతా తెలిసే పంపుతున్నామని ఆ సంస్థ గుర్తుపెట్టుకోవాలి.

ఈ దారి ఎంచుకుంటే నాలుగు పనులు తప్పనిసరి. మగవాళ్ల బ్లాక్‌లో కనీసం రెండు క్యూబికిల్స్‌కు గట్టి బోల్టు ఉండాలి. మన దగ్గర ఎక్కువసార్లు విరిగిపోయి ఉండేది అదే. ఆ క్యూబికిల్స్‌లో మూతున్న డస్ట్‌బిన్ పెట్టాలి. నెలసరి వచ్చే ట్రాన్స్ పురుషులు ప్యాడ్‌ను కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుని బయటికి రావాల్సి రావడం మనం ఎవరికీ కోరుకోని అవస్థ. పార్టిషన్ కింది సందును బోర్డు ముక్కతో మూయాలి, కడిగిన నీళ్లు పోవడానికి 20 మి.మీ. చాలు. నాలుగోది, సిబ్బందికి శిక్షణ. దాని సంగతి చివర్లో.

ఆడా మగా రెండింటిలో ఏదీ తమది కాదనుకునేవారికి, రూపం ఇంకా మారుతున్న దశలో ఉన్నవారికి ఈ దారిలో జవాబు లేదు. కాబట్టి ఇది మొదటి మెట్టే, ఇల్లు కాదు.

రెండో దారి: ప్రత్యేక టాయిలెట్

2007లో మైసూరు, 2017లో భోపాల్, 2021లో వారణాసి ఇలాంటివి కట్టి వార్తల్లోకి వచ్చాయి. మన మున్సిపాలిటీలకు ఈ దారి మీద మోజెక్కువ. రిబ్బన్ కత్తిరించవచ్చు, శిలాఫలకం పెట్టవచ్చు, తీర్పులో ఉన్న ‘వేరుగా’ అనే మాటకు అచ్చంగా సరిపోతుంది.

మేలు జరిగే చోట్లు ఉన్నాయి. హిజ్రా కుటుంబాలు ఎక్కువగా ఉండే బస్తీ, వాళ్లు రోజంతా తిరిగే మార్కెట్ సెంటర్ అలాంటివి. అక్కడ వాళ్లను దాచేదేమీ ఉండదు, ఆ గది వాళ్లకు గుంపుగా ఒక ధీమా. నిర్వహణ కాంట్రాక్టు కూడా వాళ్ల సంఘానికే ఇస్తే తాళం పడే సమస్య చాలావరకు తీరుతుంది.

కాలేజీలో, ఆఫీసులో ఇదే ఏర్పాటు తలకిందులవుతుంది. ఎనిమిది వందల మంది ఉన్న భవనంలో ‘థర్డ్ జెండర్’ అని రాసిన ఒకే ఒక తలుపులోకి ఎవరు వెళతారు? వెళ్లినవారిని ఆ రోజు నుంచి ఏమని పిలుస్తారు? ట్రాన్స్ పురుషులు ఆ బోర్డును తమదిగా భావించరు, చాలామంది ట్రాన్స్ మహిళలూ భావించరు. వాడేవారు లేరు కాబట్టి హౌస్‌కీపింగ్ వాళ్లు చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు అందులో పెడతారు. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరికి చేరుతుంది. తనిఖీకి వచ్చినవారికి మాత్రం తెరిచి చూపిస్తారు.

కార్మిక కోడ్ ‘విడివిడిగా’ అంటోంది కదా అని ఫ్యాక్టరీ యాజమాన్యాలు అడుగుతాయి. స్త్రీలకు, పురుషులకు ఉన్న బ్లాకులు అలాగే ఉంచి, వాటికి దూరంగా లోపలి నుంచి గడియ పడే విడి గదులు కట్టి, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల కోసం ఉన్న ఏర్పాటు ఇదని రికార్డుల్లో రాసుకోవడం ఆచరణలో మంచి మార్గం. తలుపు మీద మాత్రం ‘టాయిలెట్’ అని ఉంటే చాలు. లాకర్లు, స్నానాల గదులు ఉన్న చోట కూడా కోడ్ ఇలాగే విడిగా ఉండాలంటోంది, అక్కడ ఒక షవర్‌ను విడి గదిలో పెట్టడం మరవద్దు. మీ ఇన్‌స్పెక్టర్ దీన్ని ఎలా చూస్తారో కట్టకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

మూడో దారి: విడి గదులు

ఒక తలుపు, నాలుగు పూర్తి గోడలు, లోపల కమోడ్, వాష్‌బేసిన్, అద్దం, బిన్. ఒకరు వెళ్లి గడియ పెట్టుకుంటారు. ఎవరన్నది ఎవరికీ పట్టదు. ఇది కొత్త వింతేమీ కాదు. మన ఇళ్లలో ఉన్నది ఇదే. రైలు పెట్టె చివరి టాయిలెట్లూ ఇవే, దశాబ్దాలుగా ఆడా మగా ఒకే తలుపు ముందు వరుసలో నిలబడుతున్నారు. అక్కడ గొడవలు నీళ్లు లేవని, బోల్టు పడదని వస్తాయి గానీ ముందు ఎవరు వెళ్లారని రావు. తలుపు పూర్తిగా మూసుకుంటే సగం వాదం అక్కడే చల్లారిపోతుందనడానికి దీనికంటే దగ్గరి సాక్ష్యం లేదు.

చోటున్న ప్రతివారికీ ఈ పోలికలో మొదటి సిఫారసు ఇదే. ఆడ, మగ బ్లాకులు అలాగే ఉంచి, వాటికి అదనంగా విడి గదులు కట్టండి. ట్రాన్స్ వ్యక్తులకే కాదు, ముసలి తల్లిని తీసుకొచ్చిన కొడుక్కి, చిన్న కూతురితో వచ్చిన తండ్రికి, పొట్టకు తగిలించిన మలం సంచి (స్టోమా బ్యాగు) మార్చుకోవాల్సిన రోగికి, బురఖా తీసి ముఖం కడుక్కోవాలనుకునే మహిళకు కూడా అదే గది. వాడేవారు ఎక్కువ కాబట్టి తాళం పడదు, వాడినవారు ఎవరన్న ఆరా ఉండదు.

కట్టేటప్పుడు పట్టించుకోవలసిన కొలతలు:

- లోపలి కొలత కనీసం 1.2 మీటర్లు వెడల్పు, 1.8 మీటర్లు పొడవు. వీల్‌చైర్‌కూ పనికొచ్చే గది అయితే దాదాపు 2 మీటర్లు, 2.2 మీటర్లు. చక్రం తిరగడానికి 1.5 మీటర్ల వలయం ఖాళీగా ఉండాలి, తలుపు తెరిస్తే 900 మి.మీ. దారి దొరకాలి.
- గోడ స్లాబు దాకా లేపాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చాలు. ఫాల్స్ సీలింగ్ దాకా ఆపేస్తే ఒక టైలు పైకి నెట్టి తొంగిచూడవచ్చు.
- ప్రతి గదికీ సొంత నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు పోయే జాలీ గుంట, కావాలి. పాత బ్లాకుల్లో పార్టిషన్ కిందనుంచి నీళ్లు మధ్యలోని ఒకే ట్రాప్‌లోకి పోతాయి. గోడలు కట్టి ట్రాప్ వేయకపోతే మొదటి రోజు కడిగిన నీళ్లే నిలిచిపోతాయి. నేల వాలు మీటరుకు 12 నుంచి 15 మి.మీ.
- ప్రతి గదికీ ఎగ్జాస్ట్ ఉండాలి. నాలుగు గదుల గాలి ఒకే డక్టులో కలిపితే వెనక్కి తన్నకుండా ఫ్లాప్ పెట్టాలి, లేకపోతే ఒక గది వాసన ఇంకో గదిలోకి వస్తుంది.
- తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే శరీరం అడ్డుపడి లోపలికి తెరిచే తలుపు కదలదు. బోల్టు పెట్టగానే బయట ఎరుపు చూపించే రకం, అవసరమైతే రూపాయి బిళ్లతో బయటినుంచి తిప్పి తెరిచే రకం కొనండి.
- సెన్సార్ లైటు పెడితే కనీసం 15 నిమిషాలకు సెట్ చేయించండి. మధ్యలో చీకటైపోతే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది.
- హ్యాండ్ షవర్, బ్యాగు తగిలించుకునే కొక్కెం, నేలకు మీటరు ఎత్తున చిన్న అర, మూతున్న బిన్. చీర, పంజాబీ డ్రెస్సు, ప్యాంటు ఏది వేసుకున్నా ఈ నాలుగూ కావాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఒక్క గది కట్టి ఊరుకోవడం. ఒక్కటే ఉంటే రెండు నెలల్లో దానికి పేరు పడిపోతుంది, ప్రత్యేక టాయిలెట్ కథే మళ్లీ మొదలవుతుంది. అంతస్తుకు రెండు, అవీ దారి పక్కన అందరూ వాడేచోట ఉండాలి.

ఇక వికలాంగుల టాయిలెట్‌నే అందరికీ తెరవడం సంగతి. 2021లో ఢిల్లీ మెట్రో తన స్టేషన్లలో వికలాంగుల కోసం ఉన్న 347 టాయిలెట్లను ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులు కూడా వాడుకోవచ్చని ప్రకటించింది, తమ జెండర్‌కు తగిన మామూలు టాయిలెట్‌కు వెళ్లే వీలునూ అలాగే ఉంచింది. కట్టడం అయ్యేదాకా ఆగకుండా తక్షణం దారి చూపినందుకు అది మంచి నిర్ణయమే. శాశ్వతంగా అదే ఉంచితే మాత్రం వీల్‌చైర్ మనిషికి ఉన్న ఒకే ఒక గది ముందు వరుస కడతారు. అతనికి పక్క బ్లాకుకు వెళ్లే వీలుండదు. అందుకే రెండో గది కట్టే తేదీ నిర్ణయించుకున్నాకే దీన్ని ఎంచుకోండి.

నాలుగో దారి: ఉమ్మడి బ్లాక్

ఒకే పెద్ద హాలు, వరుసగా క్యూబికిల్స్, బయట అందరికీ కలిపి వాష్‌బేసిన్లు. వరుసల లెక్కలో దీనికి తిరుగులేదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో క్యూ గణితంతో చూపించినదాని ప్రకారం ఉమ్మడి ఏర్పాటులో ఆడవాళ్లు నిలబడాల్సిన సమయం ఆరు నిమిషాలకు పైనుంచి నిమిషంన్నర లోపుకు దిగింది. సినిమా హాలు ఇంటర్వెల్‌లో ఆడవాళ్ల వరుస చూసినవారికి ఆ లెక్క విలువ చెప్పక్కర్లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే అంతర్జాతీయ ప్లంబింగ్ కోడ్ 2021 కూర్పు నుంచి ఇలాంటి బ్లాకుకు దారి ఇచ్చింది. షరతులు రెండు: క్యూబికిల్స్‌కు పూర్తి చాటు, యూరినల్స్ ఉంటే కంటికి కనపడని వేరే భాగంలో. మన దగ్గర చేసేది దీనికి తలకిందులు. పాత పార్టిషన్లు, పాత యూరినల్స్ అలాగే ఉంచి బోర్డు మాత్రం మారుస్తారు. మొదటి వారంలోనే ఒక అమ్మాయి తలుపు తీసి, యూరినల్ ముందు మనిషిని చూసి వెనక్కి తిరిగిపోతుంది. ఇక ఆ బ్లాక్ మగవాళ్లదే. ఒక మంచి ఆలోచనకు చెడ్డపేరు తెచ్చే పద్ధతి ఇదే.

పూర్తి గోడలతో, ప్రతి గదిలో వాష్‌బేసిన్‌తో, కారిడార్‌లోకి తెరుచుకునేలా కడితే అది నిజానికి విడి గదుల వరుసే. అలా కడితేనే ఈ దారి ఎంచుకోండి. అప్పుడు కూడా దగ్గర్లో ఆడవాళ్ల బ్లాక్ ఒకటి ఉంచండి. పొంగిన చీర కుచ్చిళ్లు సర్దుకోవడానికి, మరక కడుక్కోవడానికి, వెంటపడుతున్నవాడి నుంచి తప్పించుకుని కాసేపు నిలబడటానికి ఆడవాళ్లకు వాష్‌బేసిన్ దగ్గరి చోటు కూడా కావాలి. క్యూబికిల్ తలుపు ఒక్కటే వాళ్ల అవసరం తీర్చదు.

ఆడవాళ్ల భద్రత ప్రశ్నకు

ట్రాన్స్ మహిళలను ఆడవాళ్ల వైపు రానిస్తే, ఆ పేరు చెప్పుకుని మగవాళ్లు దూరతారన్నది ఎక్కువగా వినిపించే భయం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో అలాంటి స్థానిక చట్టాలున్న ఊళ్లను, లేని ఊళ్లను పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనం టాయిలెట్లలో నేరాలకు ఆ చట్టాలతో సంబంధం కనిపించలేదని తేల్చింది. అది మన బస్టాండు కాదు నిజమే. అయినా దూరాలనుకున్నవాడికి ఇప్పటికీ ఆ బోర్డు అడ్డు కాదు, వెలుతురు, మనుషుల కదలిక, గట్టి గడియ అడ్డు. అడగాల్సింది అవి.

ఫిర్యాదుల నియమం కూడా దీన్నిబట్టే రాయండి. తొంగిచూడటం, ఫోన్‌తో తీయడం, చేయి వేయడం ఎవరు చేసినా వెంటనే పోలీసులకు. స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ‘ఆమె గొంతు మగ గొంతులా ఉంది’ అన్నది ఫిర్యాదు కాదు. రూపాన్ని బట్టి ఆపడం మొదలుపెడితే పొట్టి జుట్టున్న అమ్మాయిలు, పొడుగ్గా ఉన్న అమ్మాయిలు కూడా వాకిట్లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మీ చోటు ఏది?

టిఫిన్ సెంటర్, క్లినిక్, చిన్న షోరూమ్: రెండు టాయిలెట్లే ఉంటే, రెండూ ఒక్కరు వాడేవే అయితే, ఆడ, మగ బోర్డులు తీసేయండి. ఒక స్క్రూడ్రైవర్ పని. కాలిఫోర్నియాలో 2017 మార్చి 1 నుంచి ఒక్కరు వాడే పబ్లిక్ టాయిలెట్లన్నిటికీ ఇదే చట్టం.

ఆఫీసు: అంతస్తులో 60 మంది పురుషులు, 40 మంది స్త్రీలు ఉంటే భవన నిర్మాణ నియమావళి లెక్కన పురుషులకు మూడు సీట్లు, స్త్రీలకు మూడు. వాటికి అదనంగా రెండు విడి గదులు, ఒకటి వీల్‌చైర్ కొలతతో. అద్దె భవనంలో గోడలు కదపలేకపోతే మొదటి దారితో మొదలుపెట్టి, లీజు మళ్లీ రాసుకునేటప్పుడు గదుల షరతు పెట్టండి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుల అధికారిని నియమించడం తప్పనిసరి. ఆ పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి.

కాలేజీ, హాస్టల్: హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో అకడమిక్ బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్‌లోని టాయిలెట్‌ను అందరికీ తెరిచింది, హాస్టల్లో ఒక భాగాన్నీ అలాగే కేటాయించింది. దానితోపాటే ఒక విధానం రాసుకోవడం అందులో నేర్చుకోదగ్గది. హాస్టల్లో టాయిలెట్ కంటే స్నానం కష్టం. తువ్వాలు చుట్టుకుని కారిడార్‌లో నడవాల్సిన ఏర్పాటు ట్రాన్స్ విద్యార్థికి నరకం. బట్టలు లోపలే మార్చుకునేలా స్నానాల గదిలో తడవని మూల ఒకటి, సుమారు 900 మి.మీ. చదరం, వదలండి.

స్కూలు: పిల్లలు తాళంచెవి కోసం స్టాఫ్ రూమ్‌కు వెళ్లాల్సిన పద్ధతి పెట్టకండి. అడగడానికి సిగ్గుపడి ఆపుకుంటారు. ప్రతి అంతస్తులో ఏ పిల్లలైనా వాడే విడి గదులు రెండు, కారణం అడగకుండా.

బస్టాండు, మార్కెట్: ఇక్కడ ఉమ్మడి బ్లాక్ వద్దు. అర్ధరాత్రి ఒంటరిగా దిగే ఆడవాళ్లకు తమదైన బ్లాక్ కావాలి, దాని వాకిట్లో మనిషి కావాలి. పక్కనే ప్లాట్‌ఫారమ్ వైపు తెరుచుకునే రెండు మూడు విడి గదులు, లైటు కింద. వెనక సందులో, చెత్తకుండీ పక్కన కట్టే అలవాటు మానండి. రుసుము అన్ని తలుపులకూ ఒకటే అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. లేదంటే ట్రాన్స్ మహిళల దగ్గర రెట్టింపు అడుగుతారు.

విదేశాల్లో వ్యాపారం నడిపే తెలుగువారు అక్కడి నియమం చూసుకోవాలి. ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 నుంచి కొత్త వాణిజ్య భవనాల్లో ఆడ, మగ టాయిలెట్లు వేర్వేరుగా ఉండాలన్నది సాధారణ నియమం, చోటుంటే అందరూ వాడే విడి గదులు అదనం. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో వచ్చిన లింగమేనని తీర్పు ఇచ్చింది. అక్కడ ఇప్పుడు అందరికీ చిక్కులేని దారి ఆ విడి గదులే.

బోర్డు, వాకిట్లో మనిషి

బోర్డు మీద సగం ప్యాంటు సగం గౌను బొమ్మ వద్దు, అది వెక్కిరింతలా ఉంటుంది. కమోడ్ బొమ్మ వేసి ‘టాయిలెట్ – ఎవరైనా వాడుకోవచ్చు’ అని తెలుగులో రాస్తే చాలు. లోపల ఏముందో చెప్పండి: వెస్ట్రనా, ఇండియనా, యూరినల్ ఉందా.

హైదరాబాద్ పోలీసులు 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఎండలో కూడలి దగ్గర గంటల తరబడి నిలబడే మనిషి పక్కనున్న పెట్రోల్ బంకుకో, హోటలుకో వెళ్లి టాయిలెట్ ఎక్కడండీ అని అడిగితే మీ సిబ్బంది ఏమనాలో ముందే నేర్పండి. ‘అక్కడ కుడివైపు అక్కా, ఆ చివరిది ఎవరైనా వాడుకోవచ్చు.’ అంతే. ‘నువ్వు ఆడా మగా’ అనకూడదు. గుర్తింపు కార్డు అడగకూడదు. ‘వాడు’, ‘అది’ అనకూడదు. ఎలా పిలవాలో తెలియకపోతే ‘అండీ’ అంటే ఎవరికీ తప్పు కాదు. ఈ నాలుగు మాటలు సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో షరతుగా రాయండి. సిబ్బంది మూడు నెలలకోసారి మారిపోతారు కాబట్టి కొత్తవారు చేరిన రోజే పది నిమిషాలు చెప్పించండి.

తెరిచిన నెల తర్వాత ఒకసారి రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లి చూడండి. ప్రతి బోల్టూ పడుతోందా, బిన్ ఖాళీ చేశారా, ట్రాప్ దగ్గర నీళ్లు నిలిచాయా, విడి గది తలుపు తాళం లేకుండా తెరుచుకుంటోందా. లోపల చీపుర్లు కనిపిస్తే అవి ఆ రాత్రే బయటికి తీయించండి.